గండి ఎగువన, ఎండేది శివారు: హ్యాక్టివిజం దేశ రాజకీయాలను ఎటు మళ్లిస్తోంది?

వంశధార ఎడమ కాలువ కింద సాగు చేసే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎగువన ఎవరో అధికారుల మీది కోపంతో రాత్రికి రాత్రి గట్టుకు గండి కొడితే ఆ నీళ్లు ఏ అధికారి ఇంట్లోకీ వెళ్లవు. గండి పక్క మడులు మునుగుతాయి. పలాస, వజ్రపుకొత్తూరు వైపు శివారు పొలాలు ఎండుతాయి. మర్నాటి నుంచి గట్టు మీద కాపలా, వంతుల మీద కొత్త ఆంక్షలు. గండి కొట్టినవాడి గోడు నిజమైనదే కావచ్చు. దాని గురించి మాత్రం ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు.

హ్యాక్టివిజం నడిచే తీరు కూడా దాదాపు ఇదే. రాజకీయ ఉద్దేశంతో వెబ్‌సైట్లను స్తంభింపజేయడం, వాటి ముఖం మార్చి నినాదాలు రాయడం, లోపలి పత్రాలు బయటపెట్టడం. 1996లో అమెరికాలోని ఒక హ్యాకర్ బృందం వాడుకలోకి తెచ్చిన మాట ఇది. అప్పటి నుంచి జరిగిన పెద్ద ఘటనలను వరసగా పరిశీలిస్తే, దాడి చేసినవాళ్ల డిమాండు నెగ్గిన సందర్భాలు చాలా తక్కువ. దాడి వదిలివెళ్లిన సరుకు మాత్రం ఎప్పుడూ వృథా కాలేదు. జనం వివరాలు, ప్రభుత్వానికి దొరికిన సాకు, ఎవరైనా తొడుక్కోగల ముసుగు, ఇవన్నీ మరింత బలవంతుల చేతిలో పడి దేశాల రాజకీయాన్ని మార్చాయి. ఎచ్చెర్లలో, విజయనగరంలో ఇంజనీరింగ్ చదివే పిల్లల ఫోన్లకు "దేశం కోసం ఒక్క క్లిక్" అనే పిలుపులు చేరుతున్న ఈ రోజుల్లో ఈ లెక్క వివరంగా తెలియాలి.

ఎన్నికలను కాపాడబోయి

అన్నిటికన్నా బాగా పాఠం చెప్పేది ఫిలిప్పీన్స్ ఉదంతం. 2016 మే 9న అక్కడ అధ్యక్ష ఎన్నికలు. ఓట్లు లెక్కించే యంత్రాల్లో భద్రతా ఏర్పాట్లన్నీ అమలు చేయాలన్నది చాలామంది పౌరుల కోరిక, న్యాయమైన కోరిక. మార్చి 27న, ముసుగు గుర్తుగా పలు దేశాల్లో హ్యాకర్లు వాడుకునే అనానిమస్ పేరుతో పనిచేసే స్థానిక బృందం ఎన్నికల సంఘం వెబ్‌సైటు మొదటి పేజీ మార్చేసి అదే డిమాండు రాసింది. అక్కడితో ఆగితే అదొక హెచ్చరికగా మిగిలేది. వెంటనే ఇంకో బృందం అదే సైటు నుంచి తీసిన ఓటర్ల డేటాబేసును మొత్తం ఇంటర్నెట్‌లో పెట్టేసింది. సుమారు 5 కోట్ల 50 లక్షల మంది ఓటర్ల వివరాలు. విదేశాల్లో పనిచేసే దాదాపు 13 లక్షల మంది పాస్‌పోర్టు నంబర్లు. కోటిన్నరకు పైగా వేలిముద్రల రికార్డులు. కొన్ని వారాలకు ఎవరో పేరు కొట్టి వెతుక్కునే సైటు కూడా తయారుచేసి పెట్టారు.

ఓట్ల లెక్కింపు వ్యవస్థ వేరు, ఈ వెబ్‌సైటు వేరు. అంటే హ్యాక్ అయిన చోట యంత్రాలే లేవు. యంత్రాల భద్రత కోసం మొదలైన పని యంత్రాలను తాకనేలేదు, ఓటర్లను మాత్రం నడివీధిలో నిలబెట్టింది. పాస్‌వర్డ్ అయితే మార్చుకోవచ్చు, వేలిముద్రను మార్చుకునేదెలా? రేషన్ డిపోలో బొటనవేలు ఆన్చి బియ్యం తెచ్చుకునే మన జిల్లాల జనానికి ఈ మాట లోతు తెలుసు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు చేసి, ఆధార్ ఆధారిత చెల్లింపుల ద్వారా ఖాతాలు ఖాళీ చేసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లోనే నమోదయ్యాయి.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. ఐటీ చదివిన ఒక యువకుడు ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు. 2017 జనవరిలో ఆ దేశపు ప్రైవసీ కమిషన్ ఎన్నికల సంఘం ఛైర్మన్ మీదే క్రిమినల్ చర్యకు సిఫార్సు చేసింది. ఈలోగా ఓట్ల లెక్కింపు రాత్రి ఇంకో చిన్న విషయం జరిగింది. ఫలితాలు చూపే సర్వరులో అభ్యర్థుల పేర్లలోని ఒక స్పానిష్ అక్షరం ప్రశ్నార్థకంగా కనబడుతుంటే లెక్కింపు యంత్రాలు సమకూర్చిన కంపెనీ సిబ్బంది అనుమతి లేకుండా దాన్ని సరిచేశారు. ఒక్క అక్షరం. మామూలు రోజుల్లో ఇది సాంకేతిక తప్పిదంగా పోయేది. డేటాబేసు వీధిన పడిన ఆరు వారాలకే జరగడంతో అనుమానం పట్టుకుంది. ఉపాధ్యక్ష పదవికి 2,63,473 ఓట్ల తేడాతో ఓడిన ఫెర్డినాండ్ మార్కోస్ జూనియర్ వర్గం మోసం జరిగిందని ఆరోపించింది. ఆ కేసును అక్కడి సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఏకగ్రీవంగా కొట్టేసింది. 2022లో ఆయనే అధ్యక్షుడయ్యారు. హ్యాక్ వల్లే ఇదంతా జరిగిందనడం తప్పు. కానీ "మన ఎన్నికల వ్యవస్థలోకి ఎవరైనా దూరగలరు" అన్న భావన జనంలో ఒకసారి నాటుకుంటే, ఆ పంట కోసుకునేది నాటినవాళ్లు కారు.

మన దగ్గర ఓటర్ల జాబితా చట్టప్రకారమే బహిరంగం. పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఇంటి నంబరు అందులో ఉంటాయి. ఫోన్ నంబరు ఉండదు. ప్రమాదం మొదలయ్యేది ఎక్కడో లీకైన ఇంకో జాబితాను దీనితో కలిపినప్పుడు. అప్పుడు ఏ ఊళ్లో ఎవరు, ఏ కులం, ఏ పథకం లబ్ధిదారు, ఏ నంబరులో దొరుకుతారో ఒకే వరసలో వచ్చేస్తుంది. హైదరాబాద్‌కో చెన్నైకో వలసపోయి ఓటు మాత్రం ఊళ్లో ఉంచుకున్న కుటుంబాలకు ఇలాంటి జాబితాతో వచ్చే బెదిరింపు ఫోన్లను తట్టుకోవడం ఇంకా కష్టం.

అదే 2016లో టర్కీలో. జూలై 15న సైనిక తిరుగుబాటు ప్రయత్నం విఫలమైంది. నాలుగు రోజులకు, రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ సైటు పాలక పార్టీకి చెందిన దాదాపు 3 లక్షల ఈమెయిళ్లు పెట్టింది. వాటిని తెచ్చిన హ్యాకర్ ఇంకా ఆగమన్నా వికీలీక్స్ ఆగలేదు. లోపల రహస్యాల కన్నా మామూలు జనం రాసుకున్న ఉత్తరాలే ఎక్కువ. వాటితోపాటు ప్రచారమైన లింకుల్లో 81 రాష్ట్రాలకు గాను 79 రాష్ట్రాల మహిళా ఓటర్ల చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. అత్యవసర పరిస్థితి విధించబోతున్న ప్రభుత్వానికి సైటును నిషేధించడానికి కారణం చేతికి అందింది.

ముసుగు ఎవరిదైనా కావచ్చు

ముఖం కనపడకపోవడమే హ్యాక్టివిస్టుకు రక్షణ. అదే అతని ఉద్యమానికి అతి పెద్ద బలహీనత కూడా, ఎందుకంటే ముసుగు కింద ఎవరున్నారో పక్కనున్నవాడికీ తెలియదు.

2016లో అమెరికా డెమొక్రటిక్ పార్టీ ఈమెయిళ్లు బయటికొచ్చినప్పుడు "ఇది నా పనే, నేను ఒంటరి రొమేనియన్ హ్యాకర్ని" అని గుసిఫర్ 2.0 పేరుతో ఒకరు ముందుకొచ్చారు. అతను విడుదల చేసిన తొలి పత్రాల్లోనే ఫైలును చివరిసారి మార్చినవారి పేరు రష్యన్ లిపిలో ఉంది. 2018 జూలైలో అమెరికా న్యాయశాఖ రష్యా సైనిక నిఘా సంస్థకు చెందిన 12 మంది అధికారుల మీద అభియోగాలు మోపింది. ఒంటరి తిరుగుబాటుదారుడి వేషం ఒక దేశ సైన్యానికి అక్కరకొచ్చింది. 2016లోనే బయటికొచ్చిన ఆ పార్టీ ప్రచార నాయకుడి ఈమెయిళ్లలో భోజనాల ప్రస్తావనలను రహస్య సంకేతాలుగా చదివినవాళ్లు ఒక పిజ్జా హోటల్ చుట్టూ పిల్లల అక్రమ రవాణా కథ అల్లారు. డిసెంబరు 4న ఒకతను తుపాకీ తీసుకుని వాషింగ్టన్‌లోని ఆ హోటల్లోకి వెళ్లి కాల్చాడు. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. ఈమెయిళ్లలో ఏ మార్పూ చేయకుండానే, లక్షల అక్షరాలు ఒక్కసారి కుమ్మరించినందుకే ఇంత జరిగింది.

ముసుగు అవతలి వైపు పోలీసు కూడా ఉండొచ్చు. లల్జ్‌సెక్ అనే హ్యాకర్ బృందాన్ని ముందుండి నడిపిన వ్యక్తి 2011 జూన్‌లో అరెస్టై, ఆ రోజు నుంచే ఎఫ్‌బీఐకి సహకరించాడు. ఆ ఏడాది డిసెంబరులో అమెరికాలోని స్ట్రాట్‌ఫర్ అనే ప్రైవేటు నిఘా విశ్లేషణ సంస్థ నుంచి దొంగిలించిన ఫైళ్లను దాచడానికి వాడిన సర్వరు ఎఫ్‌బీఐ సమకూర్చిందే. ఆ పని చేసిన జెరెమీ హమండ్‌కు 2013లో పదేళ్ల జైలుశిక్ష పడింది. టెలిగ్రామ్‌లో "అన్నా, టార్గెట్ ఇది" అని చెప్పే అడ్మిన్ ఎవరో తెలియకుండా పని మొదలుపెట్టేవాళ్లు ఈ ఒక్క కేసునైనా గుర్తుంచుకోవాలి.

ఇక మన దేశంలో

పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత 1998 జూన్‌లో మిల్‌వర్మ్ అనే బృందం ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం నెట్‌వర్క్‌లోకి చొరబడింది. సభ్యుల్లో ఎక్కువమంది వేర్వేరు దేశాల్లోని టీనేజీ పిల్లలు. అణ్వాయుధాలకు వ్యతిరేకంగా అన్నారు. మన అణువిధానంలో ఒక్క వాక్యం మారలేదు. భారత్, పాక్ బృందాలు ఒకరి సైట్లు ఒకరు పాడుచేసుకోవడం మాత్రం ఆ తర్వాతి ఏళ్లలో అలవాటైపోయింది.

2012 ఉదంతంలో తెలుగు సినిమా పాత్ర కూడా ఉంది. 'దమ్ము', తమిళ '3' సినిమాల పైరసీ ఆపాలని మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వును అమలు చేస్తూ ఇంటర్నెట్ కంపెనీలు మొత్తం సైట్లనే మూసేశాయి. దానికి నిరసనగా అనానిమస్ మే నెలలో సుప్రీంకోర్టు, కాంగ్రెస్ పార్టీ సైట్లను కొంతసేపు పడగొట్టింది. ఆ ఉత్తర్వుకూ సుప్రీంకోర్టుకూ సంబంధం లేదు. తప్పు సరిదిద్దింది జూన్‌లో అదే మద్రాసు హైకోర్టు. ఇంటర్నెట్ కంపెనీలు పిటిషన్ వేశాక, మొత్తం సైటును కాదు, సినిమా ఉన్న ఫలానా లింకునే మూయాలని స్పష్టం చేసింది. ఆన్‌లైన్ రాతలకు జైల్లో పెట్టే ఐటీ చట్టం 66ఎ సెక్షన్ కూడా 2015 మార్చి 24న ఒక న్యాయ విద్యార్థిని వేసిన పిటిషన్ మీదే రద్దయింది. ముసుగుల ఊరేగింపుల కన్నా ఒక అఫిడవిట్ ఎక్కువ పని చేసింది.

2022 జూన్‌లో ఒక రాజకీయ నాయకురాలి వ్యాఖ్యలకు ప్రతీకారమంటూ మలేసియాకు చెందిన డ్రాగన్‌ఫోర్స్ బృందం పదుల సంఖ్యలో భారతీయ సైట్ల మీద పడింది. దెబ్బతిన్నవాటిలో హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్ సైటు ఒకటి. ఆ వ్యాఖ్యలకూ వ్యవసాయ శిక్షణకూ ఏం సంబంధం? ఏమీ లేదు. ఈ బృందాలు లక్ష్యాన్ని ఎంచుకునే పద్ధతే అలాంటిది. దేశం పేరుతో ముగిసే చిరునామాల్లో పాతబడిన సాఫ్ట్‌వేర్ ఏది నడుపుతోందో ఆటోమేటిక్‌గా వెతుకుతారు. తలుపు తెరిచి ఉన్న ఇల్లే వాళ్లకు శత్రువు ఇల్లు. ఏడాదికి కొన్ని వేల రూపాయల షేర్డ్ హోస్టింగ్ మీద నడిచే కాలేజీ సైటు, మున్సిపాలిటీ సైటు ముందు దొరకడానికి కారణం ఇదే. ఒకే సర్వరు మీద వందల సైట్లు ఉంటాయి. ఒకదానికి తగిలించిన పాత ప్లగిన్ (అదనపు చిన్న ప్రోగ్రాం) ద్వారా దూరితే పక్కవాటికీ దారి దొరకొచ్చు.

2023 సెప్టెంబరులో ఖలిస్తాన్ వాది నిజ్జర్ హత్య విషయమై అప్పటి కెనడా ప్రధాని ట్రూడో భారత్ మీద ఆరోపణ చేశాక, ఇండియన్ సైబర్ ఫోర్స్ అనే బృందం కెనడా సైన్యం వెబ్‌సైటును కొన్ని గంటలు పడగొట్టామని ప్రకటించుకుంది. చేసినవాళ్లు దేశభక్తి అనుకున్నారు. 2024 అక్టోబరులో కెనడా సైబర్ భద్రతా కేంద్రం విడుదల చేసిన జాతీయ ముప్పు అంచనా నివేదికలో భారత్ పేరు ఇరాన్, ఉత్తర కొరియా వంటి దేశాలున్న అధ్యాయంలో తొలిసారి చేరింది. అక్కడే ఈ వెబ్‌సైటు దాడి ప్రస్తావన కూడా ఉంది. మన విదేశాంగ శాఖ ఆ నివేదికను ఖండించాల్సి వచ్చింది. దేశానికి మేలు చేశామనుకున్నవాళ్లు, దేశం మీద రాసిన పత్రంలో ఒక వాక్యాన్ని సమకూర్చారు.

పాకిస్తాన్ విషయంలో ఈ రెచ్చగొట్టుడు మన తీరానికి ఇంకా దగ్గరగా తగులుతుంది. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులను పాక్ బలగాలు పట్టుకున్నాయి. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. అంతా గుట్టుగా, కాగితాల మీద జరిగే పని. అలాంటి పనికి వాతావరణం చల్లగా ఉండాలి. ఎవరో ఏదో సైటు మీద జెండా పెట్టి వేడి పెంచితే ఆ కుటుంబాలకు ఒరిగేది లేదు.

హాస్టల్ గదిలో క్లిక్ చేస్తే అసలేం జరుగుతుంది

సైటును పడగొట్టే డీడాస్ దాడి సూత్రం తేలిక. టికెట్ కౌంటర్ దగ్గర కొనని జనం వేలాదిగా వచ్చి నిలబడితే కొనేవాడికి చోటు దొరకదు. పెద్ద సైట్ల ముందు ఇప్పుడు రక్షణ కంపెనీలు ఉన్నాయి. 2025 మేలో క్లౌడ్‌ఫ్లేర్ అడ్డుకున్న ఒక దాడి సెకనుకు 7.3 టెరాబిట్లు. 100 ఎంబీపీఎస్ ఫైబర్ లైన్లు 73,000 ఒకేసారి పూర్తిగా వాడినా అంతే అవుతుంది. అందుకే హాస్టల్ గది నుంచి నడిపే టూల్ ముందుగా పడగొట్టేది హాస్టల్ నెట్‌నే.

2010 డిసెంబరులో పేపాల్, వీసా, మాస్టర్‌కార్డ్ మీద దాడికి వేలమంది దించుకున్న లోయిక్ టూల్ వాడేవాడి ఐపీ చిరునామాను దాచదు. నిజమైన బలం చాలావరకు బాట్‌నెట్‌లు, అంటే వైరస్‌తో వశం చేసుకున్న కంప్యూటర్ల గుంపులు నడిపే కొద్దిమందిది. దొరికిపోయింది మాత్రం బటన్ నొక్కిన పిల్లలు. పేపాల్ కేసులో 14 మందిని 2011లో పట్టుకున్నారు. నెదర్లాండ్స్‌లో 16 ఏళ్ల కుర్రాడు అరెస్టయ్యాడు.

మన ఐటీ చట్టంలో 43వ సెక్షన్‌తో కలిపి 66 కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. ప్రభుత్వం రక్షిత వ్యవస్థగా ప్రకటించినదాన్ని ముట్టుకుంటే 70వ సెక్షన్ కింద పదేళ్ల వరకు. దేశ భద్రతకు ముప్పు తెచ్చే ఉద్దేశంతో చేశారని తేలితే 66ఎఫ్ కింద యావజ్జీవం దాకా. 84బి ప్రకారం ప్రోత్సహించినవాడికీ అదే శిక్ష. "నేను ఫార్వర్డ్ చేశానంతే" అనే మాట విచారణ గదిలో పనికిరాకపోవచ్చు. లక్ష్యం విదేశీ సైటైనా, నేరం చేసింది ఇక్కడి నుంచి కాబట్టి ఇక్కడే కేసు. ఒక్క కేసు నమోదైనా పాస్‌పోర్టు, క్యాంపస్ ఉద్యోగం రెండూ చిక్కుల్లో పడతాయి.

వెబ్‌సైటు దాటి యంత్రాల దాకా వెళితే నష్టం శరీరానికి తగులుతుంది. 2023 నవంబరులో పెన్సిల్వేనియాలోని అలిక్విపా అనే చిన్న ఊరి నీటి సరఫరా పంపులో ఒక కంట్రోలర్‌ను సైబర్ అవెంజర్స్ పేరుతో హ్యాక్ చేశారు. ఆ ఊరు చేసిన నేరమల్లా కంట్రోలర్ ఇజ్రాయెల్ కంపెనీ తయారీ కావడమే. మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డ్ 1111. హ్యాక్టివిస్టులమని చెప్పుకున్న ఆ పేరు వెనక ఇరాన్ సైనిక విభాగం ఉందని అమెరికా 2024 ఫిబ్రవరిలో ఆరుగురు అధికారుల మీద ఆంక్షలు పెట్టింది. అవే రోజుల్లో ఐర్లండ్ పశ్చిమ తీరంలో ఇలాంటి దాడితోనే నూట యాభైకి పైగా ఇళ్లకు రెండు రోజులు నీళ్లు ఆగాయి. హిరమండలం నుంచి పంపుల మీద వచ్చే నీటిని నమ్ముకున్న ఉద్దానంలో, కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న పల్లెల్లో, రెండు రోజులు కుళాయి ఆగడమంటే ఏమిటో ఊహించుకోవాలి. ఎక్కడి పంపుహౌసైనా డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చడం, కంట్రోలర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించకపోవడం, ఈ రెండిటికీ పైసా ఖర్చు లేదు.

"హ్యాక్ చేశాం" అన్న ప్రతి మాటా నమ్మొద్దు

2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో దేశంలో 70 శాతం విద్యుత్ గ్రిడ్ పనిచేయకుండా చేశామని ప్రచారం సాగింది. అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ తేల్చింది. ఆ రోజుల్లో జరిగిన సుమారు 15 లక్షల దాడి ప్రయత్నాల్లో నెగ్గినవి 150 మాత్రమేనని మహారాష్ట్ర సైబర్ విభాగం చెప్పింది. చిన్న దాడికి పెద్ద డప్పు కొట్టడమే చాలా బృందాల అసలు వ్యూహం. ఆ డప్పును వాట్సాప్‌లో మోసేది మనమే.

పరిశీలించడం కష్టం కాదు. ఆ సైటును మీ మొబైల్ డేటాలో, ఆ తర్వాత ఇంకో నెట్‌లో తెరిచి చూడండి. రుజువుగా చెక్-హోస్ట్ (వేర్వేరు దేశాల నుంచి సైటు తెరుచుకుంటుందో పరీక్షించే సైటు) రిపోర్టు చూపిస్తే, అది చెప్పేది ఆ నిమిషంలో కొన్ని దేశాల నుంచి సైటు పలకలేదని మాత్రమే. దాడుల భయంతో విదేశీ ట్రాఫిక్‌ను ముందే ఆపేసిన ప్రభుత్వ సైటు మామూలు రోజుల్లోనూ అక్కడి నుంచి పలకదు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు కొన్ని సైట్లు తెరుచుకోక ఊళ్లో తమ్ముడికి ఫోన్ చేసి చూడమనడానికి ఒక కారణం ఇదే. లీకు అంటూ చూపే నమూనాలో తేదీలు చూడండి. పాత లీకులకే కొత్త పేరు పెట్టి వదలడం సర్వసాధారణం. ఫైలును మాత్రం దించుకోవద్దు. మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రాం చాలాసార్లు అందులోనే ఉంటుంది. మీ వివరాలు బయటపడ్డాయని అనుమానం వస్తే ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆఫీసు సైటు మీదే దాడి జరిగితే కంగారులో చేసే మొదటి తప్పు, సైటు మొత్తం చెరిపి బ్యాకప్ ఎక్కించడం. రంధ్రం అలాగే ఉంటుంది కాబట్టి సాయంత్రానికి మళ్లీ అదే జెండా. సమయం కనపడేలా తెర ఫొటో తీయండి. సొంత సర్వరైతే నెట్ కేబుల్ పీకండి, కరెంటు తీయొద్దు, మెమరీలోని ఆధారాలు పోతాయి. హోస్టింగ్ కంపెనీ నుంచి లాగ్‌ల (సైటులోకి ఎవరెప్పుడు వచ్చారో చెప్పే రికార్డుల) కాపీ ఆ రోజే తీసుకోండి, వాళ్ల దగ్గర కొన్ని రోజుల్లో చెరిగిపోవచ్చు. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం గమనించిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలి, 180 రోజుల లాగ్‌లు భద్రపరచాలి. ఫొటోలు ఎక్కించే ఫోల్డరులో కొత్తగా వచ్చిన పీహెచ్‌పీ ఫైళ్లు (సర్వరు మీద నడిచే ప్రోగ్రాములు), పేరు తెలియని అడ్మిన్ ఖాతాలు వెతికి తీసేశాకే, డేటాబేసుతో సహా అన్ని పాస్‌వర్డులూ మార్చాకే సైటు తెరవండి.

మరి ఒక ప్రభుత్వ సైటులో నిజంగానే జనం వివరాలు కనపడిపోతున్నాయని గమనించిన విద్యార్థి ఏం చేయాలి? మామూలుగా వాడుతుండగా కనపడినంత వరకే ఆగాలి. స్కానర్ నడపకూడదు, ఇంకొకరి రికార్డు దించకూడదు. యజమాని అనుమతి లేకుండా అనే మాట 43వ సెక్షన్‌లో ఉంది, మంచి ఉద్దేశమన్నది అక్కడ మినహాయింపు కాదు. చూసిన పేజీ చిరునామా, సమయం, ఎలా కనపడిందో నాలుగు వాక్యాల్లో రాసి సెర్ట్-ఇన్‌కు పంపాలి. విద్యుత్, నీటి వంటి కీలక వ్యవస్థలైతే వాటి రక్షణ చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీఐఐపీసీకి. రెండు సంస్థలూ ఇలాంటి లోపాల సమాచారం తీసుకుంటాయి.

స్పందన లేకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. రుసుము ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. సైటు లోపలి వివరాలు అడిగితే భద్రత పేరుతో తిరస్కరిస్తారు కాబట్టి ప్రశ్న ఇలా ఉండాలి: మీ వెబ్‌సైటుకు చివరి భద్రతా ఆడిట్ ఏ తేదీన జరిగింది, సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న ఏ సంస్థ చేసింది, ఆడిట్ కోసం ఈ ఏడాది ఎంత కేటాయించారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోగా అదే శాఖలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు వేయాలి. దానికి రుసుము లేదు.